బోసు లెక్క

విశ్వంలోని మూలకణాలన్నిటినీ భౌతికశాస్త్రం రెండే రెండు జాతులుగా విభజించింది. ఇటలీ దేశస్థుడైన ఎన్రికో ఫెర్మీ పేరు మీద ఒక జాతికి ఫెర్మియాన్లు అనీ, భారతీయుడైన సత్యేంద్రనాథ్ బోసు పేరు మీద రెండవ జాతికి బోసాన్లు అనీ పేర్లు వచ్చాయి. పదార్థానికి ఆధారమైన ఎలక్ట్రాన్ మొదటి జాతికి చెందినది. కాంతికి ఆధారమైన ఫోటాన్ రెండవ జాతికి చెందినది. మూలకణాలలో మూడవ జాతి ఇంతవరకు కనిపించలేదు.

2012 జూలై 4న జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయం హిగ్స్ బోసాన్‌ను పోలిన కణాన్ని కనుగొన్నట్లు ప్రకటించింది. ఆ వార్తతో 'హిగ్స్' ఎవరో లోకానికంతటికీ తెలిసింది. 'బోసాన్' అన్న మాటలో ఎవరి పేరు ఇమిడి ఉందో మాత్రం ఆ పదాన్ని పాఠ్యపుస్తకంలో చదువుకున్న పిల్లలలో కూడా చాలామందికి తెలియదు. ఆంగ్లంలో ఆ పదాన్ని చిన్న అక్షరంతో ప్రారంభించి రాస్తారు. ఇది చిన్నచూపు కాదు. వోల్టా పేరు వోల్టుగా, ఆంపియర్ పేరు ఆంపియరుగా మారినట్లే బోసు పేరు కూడా సామాన్య నామమై భాషలో కలిసిపోయింది. అయితే కలిసిపోయిన పేరు వెనుక ఉన్న మనిషిని మరచిపోవడం కూడా సులభమే.

ఇంతకూ ఈ రెండు జాతుల మధ్య ఉన్న భేదం ఏమిటి? బరువును బట్టి గాని, విద్యుదావేశాన్ని బట్టి గాని వీటిని విడదీయలేదు. ఆ కణాలను లెక్కపెట్టవలసిన తీరులోనే అసలు భేదం ఉంది. వినడానికి ఇది గుమాస్తాల వ్యవహారంలా తోచవచ్చు. కాని లేజరు కాంతి, గోడలెక్కి పాకే ద్రవం, పరమాణువులన్నీ ఒక్కటిగా మెలిగే వింత పదార్థం, ఇవన్నీ ఆ లెక్కలో నుంచి పుట్టినవే.

ఢాకా నుంచి ఒక ఉత్తరం

సత్యేంద్రనాథ్ బోసు 1894 జనవరి 1న కలకత్తాలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహనీయుల వద్ద చదువుకున్నారు. తరువాతి కాలంలో ఖగోళ భౌతికశాస్త్రంలో ప్రసిద్ధికెక్కిన మేఘనాథ్ సాహా ఆయనకు సహాధ్యాయి. వీరిద్దరూ కలిసి ఐన్‌స్టైన్ సాపేక్షతా సిద్ధాంత వ్యాసాలను జర్మన్ భాష నుంచి ఆంగ్లంలోకి అనువదించగా, 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆ గ్రంథాన్ని ప్రచురించింది. మరుసటి సంవత్సరం బోసు, కొత్తగా ఏర్పడిన ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు.

కొలిమిలో పెట్టిన ఇనుము మొదట ఎర్రబడి, ఆపైన పసుపు రంగుకు తిరిగి, చివరకు తెల్లగా వెలుగుతుంది. వేడెక్కిన వస్తువు ఏ రంగు కాంతిని ఎంత మోతాదులో వెదజల్లుతుందో తెలిపే సూత్రాన్ని 1900లో మాక్స్ ప్లాంక్ కనిపెట్టారు. సూత్రం ప్రయోగ ఫలితాలతో చక్కగా సరిపోయింది. కాని దానిని రాబట్టిన పద్ధతిలో ఒక అతుకు ఉంది. అందులో సగం తర్కం కాంతిని తరంగంగా భావించే పాత శాస్త్రానిది. తక్కిన సగం, శక్తి విడివిడి తునకలుగా, అంటే క్వాంటాలుగా ఉంటుందనే కొత్త శాస్త్రానిది. ఒకదానితో ఒకటి పొసగని రెండు భావాలను కలిపి కుట్టి విద్యార్థులకు బోధించడం బోసుకు తృప్తినివ్వలేదు.

ఆయన తరంగాల ఊసు ఎత్తకుండా కాంతిని క్వాంటాలతో నిండిన ఒక వాయువుగా భావించారు. ఆ క్వాంటాలకు సాధ్యమైన స్థానాలను, ద్రవ్యవేగాలను కలిపి చిన్న చిన్న గదులుగా విభజించారు. ఏ గదిలో ఎన్ని క్వాంటాలు ఉన్నాయన్నదే ఆయన లెక్క. ఏ గదిలో 'ఏ' క్వాంటం ఉన్నదన్న ప్రశ్నకు అందులో చోటే లేదు. ప్లాంక్ సూత్రం ఏ అతుకూ లేకుండా సిద్ధించింది.

డాక్టరేటు పట్టం లేని ఆ ముప్పై ఏళ్ల అధ్యాపకుడు 1924 జూన్ 4న తన వ్యాసాన్ని నేరుగా ఐన్‌స్టైన్‌కు పంపారు. తాను పూర్తిగా అపరిచితుడినైనప్పటికీ, ఆయన రచనలు చదివి నేర్చుకున్నవారంతా ఆయన శిష్యులే గనుక ఈ ప్రార్థనకు సంకోచించడం లేదనీ, ప్రచురణకు యోగ్యమని తోస్తే జర్మన్ పత్రికలో వేయించమనీ ఉత్తరంలో కోరారు. ఐన్‌స్టైన్ స్వయంగా ఆ వ్యాసాన్ని జర్మన్‌లోకి అనువదించి, ఇది ఒక ముఖ్యమైన ముందడుగు అని తన మాటగా చేర్చి, 'జైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్' పత్రికకు పంపారు. నాలుగు పుటల ఆ వ్యాసం అదే సంవత్సరం అచ్చయింది. 2024 నాటికి దానికి నూరేళ్లు నిండాయి.

గవ్వలాటలో క్వాంటం శాస్త్రం

బోసు లెక్కలోని కొత్తదనం అష్టాచెమ్మా ఆడినవారికి వెంటనే బోధపడుతుంది. నాలుగు గవ్వలు విసిరితే నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఒక్కొక్క గవ్వ వెల్లకిలా పడడానికీ బోర్లా పడడానికీ సమానావకాశం ఉందనుకుందాం. నాలుగు గవ్వలు పడగల తీరులు మొత్తం 16. వాటిలో అన్నీ వెల్లకిలా పడే తీరు ఒకటి, అన్నీ బోర్లా పడే తీరు ఒకటి. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడే తీరులు మాత్రం 6 ఉన్నాయి. అందుకే ఆటలో రెండు తరచుగా పడుతుంది. అష్టా గాని చెమ్మా గాని పడే అవకాశం 16లో 2, అంటే ఎనిమిదింట ఒక వంతు మాత్రమే.

ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. మొదటి గవ్వ వేరు, రెండవ గవ్వ వేరు అని అనుకోవడమే ఆ ఊహ. నిజమైన గవ్వల విషయంలో అది సబబే. ఒకదానిపై మచ్చ ఉంటుంది, మరొకదాని అంచు అరిగి ఉంటుంది. ఏ గుర్తూ లేకపోయినా కన్నార్పకుండా చూస్తే ఏది ఎక్కడ పడిందో చెప్పవచ్చు. కాని రెండు ఫోటాన్లపై ఏ గుర్తూ పెట్టడం సాధ్యం కాదు. వాటి మధ్య భేదాన్ని గుర్తించలేకపోవడం మనిషి కంటిలోని లోపం కాదు. ప్రకృతిలోనే ఆ భేదం లేదు. భేదం లేనప్పుడు 'ఇది ఇటు, అది అటు' అన్న తీరునూ 'అది ఇటు, ఇది అటు' అన్న తీరునూ రెండుగా లెక్కించడం తప్పు.

గవ్వలు బోసు లెక్కను పాటిస్తే విసిరినప్పుడు ఫలితాలు అయిదే ఉంటాయి: వెల్లకిలా పడినవి సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదింటికీ సమానావకాశం. అప్పుడు అష్టా లేదా చెమ్మా పడే అవకాశం అయిదింట రెండు వంతులు. మామూలు ఆటకంటే ఇది మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఎదుటివారు ఆ గవ్వల్లో ఏదో మాయ ఉందని తగవుకు దిగుతారు. ఏ గవ్వా మరొక గవ్వను లాగలేదు, నెట్టలేదు. వాటి మధ్య ఏ బలమూ పనిచేయలేదు. లెక్కపెట్టే తీరు మారినంత మాత్రాన అన్నీ ఒకే స్థితిలో చేరడం సర్వసాధారణమైపోయింది. బోసాన్ల సంఘజీవనానికి మూలం ఇదే.

ఒంటరివాళ్లు, సంఘజీవులు

ఫెర్మియాన్ల స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఏ రెండు ఎలక్ట్రాన్లూ ఒకే స్థితిలో ఉండజాలవని 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ప్రతిపాదించారు. ఫెర్మీ, డిరాక్ 1926లో ఈ జాతికి తగిన లెక్కను వేర్వేరుగా రూపొందించారు. అన్ని విధాలా ఏకరూపమైన రెండు కణాలను ఒకదాని స్థానంలో మరొకదానిని ఉంచితే, బోసాన్లయితే వాటిని వర్ణించే గణిత ప్రమేయం ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. ఫెర్మియాన్లయితే దాని గుర్తు ధనం నుంచి ఋణానికి మారుతుంది. ఆ రెండు ఫెర్మియాన్లూ ఒకే స్థితిలో ఉంటే స్థానాలు మార్చినా ఏ మార్పూ రాకూడదు, అయినా గుర్తు మారాలి. గుర్తు మారినా మారకుండా ఉండగలిగేది సున్నా ఒక్కటే. అంటే అటువంటి స్థితికి ప్రకృతిలో అవకాశమే లేదన్నమాట.

రసాయనశాస్త్రమంతా ఈ నిషేధం మీదనే నిలబడి ఉంది. పరమాణువులోని మొదటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లకే చోటు. మూడవది విధిగా పై కక్ష్యకు వెళ్లాలి. హీలియం దేనితోనూ కలవకుండా ఉండడానికీ, దాని పక్కనున్న లిథియం చురుకుగా కలవడానికీ కారణం ఇదే. ఎలక్ట్రాన్లు బోసాన్లయి ఉంటే అన్నీ అట్టడుగు కక్ష్యలో గుమిగూడేవి. ఆవర్తన పట్టిక గాని, నీరు గాని, ప్రాణి గాని ఈ రూపంలో ఉండేవి కావు.

ఏ కణం ఏ జాతిదో నిర్ణయించేది 'స్పిన్' అనే సహజ భ్రమణ గుణం. స్పిన్ పూర్ణాంకమైతే బోసాన్, అరసంఖ్య అయితే ఫెర్మియాన్. ఫోటాన్ స్పిన్ 1 అని ప్రయోగపూర్వకంగా చూపినవారిలో ఒక తెలుగువాడు ఉండడం గమనార్హం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం, సి.వి. రామన్‌తో కలిసి 1931లో కాంతి పరిక్షేపణ ప్రయోగాల ద్వారా ఫోటాన్ స్పిన్‌కు సాక్ష్యం చూపారు. బోసు తన లెక్కలో ఒకచోట 2 అనే గుణకాన్ని వాడవలసివచ్చింది. ఫోటాన్‌కు అటువంటి భ్రమణం ఉండవచ్చునని బోసు అప్పుడే ఊహించినట్లు ఆయన ద్వారా తమకు తెలిసిందని రామన్, భగవంతం తమ వ్యాసంలో ప్రస్తావించారు. భగవంతం తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై భౌతికశాస్త్ర పరిశోధనకు అక్కడ పునాదులు వేశారు.

పలు కణాలు కలిసిన పరమాణువుకు కూడా జాతి ఉంటుంది. దానిలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు అన్నీ ఫెర్మియాన్లే. వాటి మొత్తం సరిసంఖ్య అయితే ఆ పరమాణువు బోసాన్‌లా, బేసిసంఖ్య అయితే ఫెర్మియాన్‌లా ప్రవర్తిస్తుంది. ఈ నియమానికి హీలియంను మించిన సాక్షి లేదు.

హీలియం చెప్పిన సాక్ష్యం

హీలియం కథలో గుంటూరుకు కూడా ఒక పాత్ర ఉంది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ జాన్సెన్ గుంటూరు వచ్చారు. సూర్యుని అంచున ఎగసిపడే జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలను చూసి, గ్రహణం లేకపోయినా ఈ జ్వాలలను పరిశీలించవచ్చునని గ్రహించారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అలాగే పరిశీలించి, అందులోని పసుపు గీత ఏ ఎరిగిన మూలకానికీ చెందనిదని తేల్చారు. సూర్యునికి గ్రీకు భాషలో ఉన్న పేరుతో దానికి హీలియం అన్న పేరు వచ్చింది. భూమి మీద ఈ వాయువును 1895లో విలియం రామ్సే వేరుచేశారు.

1908లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్నెస్ హీలియంను ద్రవీకరించారు. మామూలు పీడనంలో అది 4.2 కెల్విన్ వద్ద, అంటే సున్నా సెల్సియస్‌కు సుమారు 269 డిగ్రీల దిగువన ద్రవమవుతుంది. ఇంకా చల్లబరచి 2.17 కెల్విన్ దాటించగానే అసలు వింత మొదలవుతుంది. 1938లో మాస్కోలో పీటర్ కపిట్సా, కేంబ్రిడ్జిలో అలెన్, మైస్నర్ ఈ వింతను ప్రకటించారు. ఆ ద్రవం ఏ ఒరిపిడీ లేకుండా అతి సన్నని సందుల గుండా జారిపోతుంది. పాత్రలో ఉంచితే పల్చని పొరగా గోడలెక్కి అంచు దాటి బయటికి కారుతుంది. దీనికి అతిద్రవత అని పేరు.

బోసు లెక్కను ఐన్‌స్టైన్ 1924, 1925 సంవత్సరాలలో ఫోటాన్ల నుంచి పరమాణువులకు విస్తరింపజేసి, తగినంత చల్లబరిస్తే వాయువులోని కణాలలో అధికభాగం అట్టడుగు శక్తిస్థితిలో ఒక్కటిగా కుదురుకుంటాయని జోస్యం చెప్పారు. 1938లో ఫ్రిట్స్ లండన్, హీలియంలో కనిపించిన వింతకు ఇదే మూలమని సూచించారు. హీలియం పరమాణువులను ఆదర్శ వాయువుగా భావించి లెక్కిస్తే ఈ మార్పు 3.1 కెల్విన్ ప్రాంతంలో జరగాలి. ద్రవంలో పరమాణువులు ఒకదాని ప్రభావానికి మరొకటి లోనై ఉంటాయి గనుక, వాస్తవమైన 2.17కు ఈ అంకె ఆశ్చర్యకరమైనంత చేరువలో ఉన్నట్లే.

ఇది కాకతాళీయం కాదనడానికి రుజువు హీలియంలోనే ఉంది. సాధారణ హీలియం పరమాణువులో రెండేసి ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు కలిసి ఆరు కణాలు ఉంటాయి. హీలియం-3 అనే అరుదైన ఐసోటోపులో ఒక న్యూట్రాన్ తక్కువ, అంటే మొత్తం అయిదు. ఎలక్ట్రాన్లు రెండింటిలోనూ ఒక్కటే గనుక రసాయనశాస్త్రం దృష్టిలో రెండూ ఒకటే. ఏ రసాయన పరీక్షా వాటిని విడదీయలేదు. అయినా మొదటిది 2.17 కెల్విన్ వద్దనే అతిద్రవమైతే, రెండవదానిని అందులో దాదాపు వెయ్యవ వంతు ఉష్ణోగ్రతకు దింపితే గాని ఆ గుణం రాదు. బేసి సంఖ్య గల పరమాణువులు అంతటి చలిలో రెండేసి జతకట్టి, సరిసంఖ్యలుగా మారిన తరువాతనే బోసాన్లలా ప్రవర్తించగలుగుతాయి. 1972లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దీనిని కనిపెట్టిన డేవిడ్ లీ, డగ్లస్ ఒషరాఫ్, రాబర్ట్ రిచర్డ్‌సన్‌లకు 1996లో నోబెల్ బహుమతి లభించింది.

లోహాలలోని ఎలక్ట్రాన్లు కూడా ఇలాగే జతకడతాయి. ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తు ప్రవహించే అతివాహకత్వానికి ఆ జంటలే కారణమని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో బలమైన అయస్కాంత క్షేత్రాన్ని సాధారణంగా సృష్టించేవి ద్రవ హీలియంతో చల్లబరచిన అతివాహక తీగచుట్టలే.

డెబ్బై ఏళ్ల నిరీక్షణ

ఐన్‌స్టైన్ జోస్యం చెప్పింది వాయువు గురించి. హీలియం ద్రవం గనుక అది శుద్ధమైన ఉదాహరణ కాదు. అసలైన పరీక్షకు డెబ్బై సంవత్సరాలు పట్టింది. 1995 జూన్ 5న అమెరికాలోని కొలరాడో రాష్ట్రం బౌల్డర్ నగరంలో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ రుబీడియం వాయువును లేజరు కాంతితో, అయస్కాంత క్షేత్రంతో బంధించి, వేడి పరమాణువులను వెలికి పోనిచ్చి, మిగిలినవాటిని చల్లార్చారు. ఆవిరి పోయేకొద్దీ కాఫీ చల్లారినట్లే ఇదీను. ఉష్ణోగ్రత ఒక కెల్విన్‌లో కోటింట రెండు వంతులకంటే తక్కువకు చేరినప్పుడు, దాదాపు రెండు వేల పరమాణువులు ఒకే స్థితిలో చేరి ఒకే తరంగంలా ప్రవర్తించాయి. కొద్ది నెలలలోనే వోల్ఫ్‌గాంగ్ కెటర్లే ఎం.ఐ.టి.లో సోడియంతో ఇదే సాధించారు. ముగ్గురికీ 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పదార్థానికి బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్ అని పేరు.

అంత చలి అక్కరలేకుండానే బోసాన్లు ఇంటింటా పనిచేస్తున్నాయి. ఒక స్థితిలో అప్పటికే వంద ఫోటాన్లు ఉంటే, మరొకటి వచ్చి అందులోనే చేరే అవకాశం ఖాళీ స్థితితో పోలిస్తే నూటొక్క రెట్లు ఉంటుంది. 1917లో ఐన్‌స్టైన్ ఊహించిన 'ప్రేరిత ఉద్గారం' వెనుక ఉన్నది ఈ గుణమే. 1960లో థియొడోర్ మైమన్ నిర్మించిన మొదటి లేజరులో అది వెలుగుగా కనిపించింది. కంటి శస్త్రచికిత్సలోనూ, దుకాణాలలో ధరలు చదివే యంత్రంలోనూ ఉన్నది ఆ కాంతే. విదేశంలోని కుమార్తె తెనాలిలోని తల్లికి ఫోను చేసినప్పుడు ఆ మాటలు సముద్రం అడుగున పరచిన గాజుతీగలలో లేజరు కాంతిగా ప్రయాణం చేస్తాయి.

బలాలు మోసే కణాలు

ప్రకృతిలోని బలాలను మోసేవి కూడా బోసాన్లే. విద్యుదయస్కాంత బలానికి ఫోటాన్, కేంద్రకంలోని బలానికి గ్లూవాన్లు, సూర్యుని మంటకు అవసరమైన దుర్బల బలానికి డబ్ల్యూ, జెడ్ కణాలు వాహకాలు. డబ్ల్యూ, జెడ్ బోసాన్లు 1983లో సెర్న్‌లో దొరికాయి. ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేకపోగా వీటికి అంత ద్రవ్యరాశి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు 1964లో ఫ్రాంస్వా ఆంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్, పీటర్ హిగ్స్ తదితరులు సమాధానం చెప్పారు. విశ్వమంతటా వ్యాపించిన ఒక క్షేత్రంతో కలిగే సంబంధం వల్ల మూలకణాలకు ద్రవ్యరాశి కలుగుతుందని ఆ సిద్ధాంతం. ఆ క్షేత్రానికి చిహ్నమైన కణమే ప్రోటాన్ కంటే సుమారు 133 రెట్లు బరువైన హిగ్స్ బోసాన్. ఆంగ్లేర్, హిగ్స్‌లకు 2013లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ కణానికి పత్రికలు తగిలించిన 'దైవకణం' అన్న బిరుదు వల్ల కొన్ని అపోహలు వ్యాపించాయి. మనిషి బరువంతా హిగ్స్ క్షేత్రం నుంచి వచ్చిందనడం సరికాదు. ప్రోటాన్, న్యూట్రాన్‌ల ద్రవ్యరాశిలో అత్యధిక భాగం వాటి లోపల క్వార్కులను బంధించే గ్లూవాన్ల శక్తి వల్ల, క్వార్కుల చలనశక్తి వల్ల కలిగినదే. హిగ్స్ బోసాన్‌ను బోసు కనిపెట్టారనడం కూడా పొరపాటే. ఆయన చూపింది ఒక కణాన్ని కాదు, ఒక జాతి మొత్తానికి వర్తించే ధర్మాన్ని. ఆ జాతికి బోసాన్ అన్న పేరు పెట్టింది పాల్ డిరాక్.

మాతృభాషలో విజ్ఞానం

బోసుకు నోబెల్ బహుమతి రాలేదు. ఆయన జాతికి చెందిన కణాల మీద కృషి చేసినవారికి అది మళ్లీ మళ్లీ వచ్చింది. భారత ప్రభుత్వం 1954లో పద్మవిభూషణ్ ఇచ్చింది. లండన్ రాయల్ సొసైటీ 1958లో సభ్యత్వమిచ్చి గౌరవించింది. 1974 ఫిబ్రవరి 4న ఆయన కలకత్తాలో కన్నుమూశారు.

ఆయన జీవితంలో ప్రవాస కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగిన అంశం మరొకటి ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1937లో సామాన్య పాఠకుల కోసం బెంగాలీలో రాసిన విజ్ఞాన గ్రంథం 'విశ్వపరిచయ్'ను బోసుకే అంకితమిచ్చారు. 1948లో బోసు బంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, బెంగాలీలో ఒక విజ్ఞాన పత్రికను నడిపించారు. ఉన్నత విజ్ఞానాన్ని మాతృభాషలో బోధించడం సాధ్యమేనని ఆయన గట్టిగా నమ్మారు. ప్రపంచానికి తన లెక్కను ఆంగ్లంలో రాసి, జర్మన్‌లో అచ్చు వేయించుకున్న మనిషి, సొంత ఊరి పిల్లలకు దానిని వారి భాషలోనే చెప్పాలని కోరుకున్నారు.

అష్టాచెమ్మా గవ్వలు ఇంకా ఇంట్లో ఉన్న తెలుగువారికి ఆ పని అంత కష్టం కాదు. పిల్లల చేత నాలుగు గవ్వలు వందసార్లు విసిరించి, ఎన్నిసార్లు ఏది పడిందో కాగితం మీద రాయించవచ్చు. గవ్వలకు వంపు ఉంటుంది గనుక కచ్చితంగా పదహారింటి లెక్క రాకపోవచ్చు. నాణేలు వాడితే దాదాపుగా వస్తుంది. అదే వందసార్లు ఫోటాన్లు విసిరితే ఏమయ్యేదో పక్కనే మరొక వరుసలో రాయమనాలి. ఆ రెండు వరుసల మధ్య తేడా ఎంతో, దానికి కారణమేమిటో పిల్లలు తెలుగులో చెప్పగలిగిన నాడు, బోసాన్ అన్న మాటలో ఉన్న మనిషి పేరు కూడా వారికి గుర్తుండిపోతుంది.